ఒక్క సెకను నడిచే ఇంజిన్

సెల్ఫ్ తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఒక్క సెకను సాఫీగా తిరిగింది, ఆ వెంటనే ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మీటర్ బోర్డులో తాళం చెవి బొమ్మ ఉన్న చిన్న దీపం మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంది. ట్యాంకులో డీజిల్ ఉంది, పంపులో ఒత్తిడి ఉంది, బ్యాటరీలో బలం ఉంది, లేనిదల్లా అనుమతి. కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళకు ఈ ఒక్క సెకను పరుగు బాగా పరిచయమైనదే. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదనీ, అయినా అసలు పని ఇంకా మొదలే కాలేదనీ అది ఒకే ఊపిరిలో చెబుతుంది.

ఈ కారు నా దగ్గరికి వచ్చేసరికే ఒక చేయి మారింది. ముందు అద్దం కింద వాన నీరు బయటికి పోవలసిన సన్నని కాలువ ఎండుటాకులతో పూడుకుపోయి, ఆ పక్కనే బిగించి ఉన్న ఇంజిన్ కంప్యూటర్, అంటే మనం ఈసీయూ అని పిలుచుకునే పెట్టె, కొన్నాళ్ళ పాటు నీళ్ళలో నానింది. మొదట చూసిన మెకానిక్ పాత పెట్టె పోయిందని సరిగ్గానే గుర్తించి, తుక్కుకు వెళ్ళిన మరో కారు నుంచి అదే పార్ట్ నంబరు ఉన్న పెట్టెను తెప్పించి బిగించారు. కప్లర్లు చక్కగా కూర్చున్నాయి, కారు కంప్యూటర్లతో మాట్లాడే పరికరం, అంటే స్కానర్, పలికింది, ఇంజిన్ ఒక సెకను తిరిగింది. అక్కడి నుంచి ఆయనకు దారి తోచలేదు. తోచకపోవడం తప్పు కాదు గానీ, నోటికొచ్చిన నాలుగంకెల పిన్ నంబర్లను వరసగా కొట్టి చూడడం మాత్రం తప్పే, దాని ఫలితాన్ని నేను అనుభవించాను. కారు యజమాని మాత్రం ఒక గొప్ప మేలు చేశారు: పాత పెట్టెను ఎవరినీ పారేయనివ్వకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట తెచ్చారు. ఆ సంచి లేకపోతే నేను ఈ పని ఒప్పుకునేవాణ్ణి కాదు.

అసలు అక్కడ ఏం జరుగుతోందంటే, తాళం చెవి పిడిలో బ్యాటరీతో పని లేని చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే ఆ చిప్ తనకు కావలసిన కరెంటును తీసుకుంటుంది. కారు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను ప్రశ్నగా పంపితే, చిప్ తనలో దాచుకున్న రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబిస్తుంది. చాలామంది కథ అంతటితో ముగిసిందనుకుంటారు, కానీ సగమే అయింది. ఈ కారులో ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం చెవి లేకుండా ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు, మీటర్ బోర్డు లోపల ఉంది. తాళం చెవిని మీటర్ బోర్డు నమ్మిన తరువాత, అసలు ఈ మీటర్ బోర్డు తనదేనా అని ఈసీయూ విడిగా మరో పరీక్ష పెడుతుంది. తాళం చెవి, మీటర్ బోర్డు, ఈసీయూ ఒకే ఇంటివని తేలితేనే ఇంధనం కొనసాగుతుంది. ఈ సంభాషణ పూర్తయ్యేదాకా డ్రైవరును ఆపకుండా ముందు ఇంజిన్‌ను అందుకోనిచ్చి, జవాబు సరిపోకపోతే ఇంజెక్షన్‌ను తెగ్గొట్టడం ఆ ఈసీయూ పద్ధతి. ఆ ఒక్క సెకను అక్కడి నుంచి వచ్చినదే. పరాయి కారు నుంచి వచ్చిన పెట్టె ఎక్కడో తుక్కులో కలిసిపోయిన తన పాత మీటర్ బోర్డు జవాబు కోసం చూసి చూసి ఊరుకుంటోంది.

ఈ ఏర్పాటు మీద నాకు పగ ఏమీ లేదు. ఐరోపా సమాఖ్య 1995లో ఇచ్చిన ఆదేశం ప్రకారం 1998 అక్టోబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది, తరువాత ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాలు అదే దారి పట్టాయి. స్టీరింగ్ కింద రెండు తీగలు కలిపి కారును ఎత్తుకుపోయే రోజులు వాటితోనే పోయాయి. తాళం ఉండడం నాకు సమ్మతమే. ఆ తాళం ఎందుకు తెరుచుకోవడం లేదో, సొంత కారు ముందు నిలబడిన మనిషికి కూడా చెప్పకపోవడమే నా కడుపుమంట.

సెకండ్ హ్యాండ్ ఈసీయూను ఈ కారుకు పరిచయం చేయడానికి తయారీదారు పెట్టిన రాజమార్గం ఒకటుంది. స్కానర్‌తో లోపలికి వెళ్ళి, రహస్య పిన్ ఇచ్చి, మీటర్ బోర్డునూ ఈసీయూనూ జత చేయాలి. యజమాని పత్రాలు చూపిస్తే ఈ కారు పిన్ ఎలాగో సంపాదించవచ్చు. కానీ ఒకసారి ఒక కారుతో జత కలిసిన ఈసీయూను విడదీయాలంటే, దాని పాత కారు పిన్ కూడా కావాలి. ఆ కారు ఎవరిదో, ఎందుకు తుక్కుకు పోయిందో, దాని పత్రాలు ఏ అలమరలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. అంటే ఈ రాజమార్గం సెకండ్ హ్యాండ్ పెట్టె విషయంలో కాగితం మీద మాత్రమే ఉంది.

పైగా నాకంటే ముందు ఆయన కొట్టిన తప్పు పిన్‌ల వల్ల పెట్టె బిగుసుకుని కూర్చుంది. పిన్ తప్పయితే ఈ రకం ఈసీయూ కొంతసేపు ఏ ప్రయత్నాన్నీ స్వీకరించదు. మొదట 10 నిమిషాలు, మళ్ళీ తప్పితే 20, ఆ పైన 40, అలా రెట్టింపవుతూ పోతుంది. ఆ గడియారం ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపే నడుస్తుంది, ఆఫ్ చేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. అది తెలియని మనిషి తాళం చెవి జేబులో వేసుకుని రాత్రంతా ఆగి, పొద్దున్నే వచ్చి మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ అదే తిరస్కారం ఎదురై, పెట్టె చెడిపోయిందని తీర్మానిస్తాడు. నా స్కానర్ కూడా ఏమీ మెరుగు కాదు. దాని తెర మీద కనిపించినదల్లా "ఫంక్షన్ విఫలమైంది" అన్న ఒకే ఒక్క వాక్యం.

ఇక్కడే ఒక విషయం వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఈసీయూ నిజానికి మౌనంగా ఉండదు. దానితో మాట్లాడే భాషకు ప్రమాణాలున్నాయి: పాత కార్లలో ఐఎస్ఓ 14230, తరువాతి వాటిలో ఐఎస్ఓ 14229. రెండింటిలోనూ భద్రతా ద్వారం తెరవమని అడిగే అభ్యర్థన సంఖ్య 27. తిరస్కరించేటప్పుడు ఈసీయూ ముందు 7ఎఫ్ అని, తరువాత మనం అడిగిన సేవ సంఖ్యను, చివరికి కారణాన్నీ పంపుతుంది. కారణం 35 అయితే మీరిచ్చిన జవాబు తప్పు. 36 అయితే ప్రయత్నాల పరిమితి దాటింది. 37 అయితే వేచి ఉండవలసిన సమయం ఇంకా పూర్తి కాలేదు. విసుగెత్తి నేను స్కానర్ తగిలించే డయాగ్నొస్టిక్ పోర్టు దగ్గర విడిగా ఒక లాగర్ తగిలించి, తీగల మీద వెళ్ళే బైట్లను నేరుగా చూశాను. పదేపదే కనిపించిన జవాబు "7ఎఫ్ 27 37". అంటే పెట్టె చక్కగా, మర్యాదగా, "ఇంకా సమయం కాలేదు, ఆగండి" అని చెబుతూనే ఉంది. దాన్ని మింగేసి "విఫలమైంది" అని తెర మీద రాసినది స్కానర్ సాఫ్ట్‌వేర్. ఒక బైట్‌ను మనిషి భాషలోకి మార్చడానికి బద్ధకించిన ఆ ప్రోగ్రామర్ ఎవరో గానీ, ఎన్ని మంచి పెట్టెలు చెత్తబుట్టలో పడడానికి కారణమయ్యారో.

ఈ వేచి ఉండడం గురించి మరో మాట. ఒక్కో తయారీదారుది ఒక్కో ఆచారం. టొయోటా కార్లలో చాలా మోడళ్ళకు, ఈసీయూ మార్చాక 16 పిన్నుల పోర్టులో 4, 13 నంబర్ల పిన్నులను చిన్న తీగతో కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి 30 నిమిషాలు ఉంచితే ఇమ్మొబిలైజర్ కొత్త పెట్టెను తనదిగా రాసుకుంటుంది. జనరల్ మోటార్స్ పాస్‌లాక్ వ్యవస్థలో 10 నిమిషాల చొప్పున మూడుసార్లు ఇగ్నిషన్ ఆన్ చేసి ఉంచాలి. ఫోర్డ్ పాట్స్ వ్యవస్థలో భద్రతా ద్వారం తెరవడానికి 10 నిమిషాలు ఆగాక, కనీసం రెండు తాళం చెవులు నేర్పితే గానీ చాలా మోడళ్ళు స్టార్ట్ కావు. ఒక్క చెవితో వచ్చిన యజమాని ముఖం అప్పుడు చూడాలి. నాకు ఈ అరగంట పద్ధతి ఎంతో నచ్చుతుంది. పరాయి కారు పక్కన అరగంట కూర్చునే ధైర్యం దొంగకు ఉండదు, సొంతదారుకు అరగంట ఒక లెక్క కాదు. అందులో ఏ రహస్యమూ లేదు, పద్ధతి అందరికీ తెలుసు, అయినా తాళం తాళంగానే పనిచేస్తుంది.

మా కారుకు అటువంటి సదుపాయం లేదు కాబట్టి మిగిలిన దారి ఒక్కటే. పాత పెట్టెలోని జ్ఞాపకాన్ని తీసి కొత్త పెట్టెలో పోయాలి. కారు గుర్తింపు సంఖ్య, ఇమ్మొబిలైజర్ రహస్యం, ఒక్కో ఇంజెక్టర్ చిమ్మే ఇంధనాన్ని సరిదిద్దే సవరణ కోడ్‌లు, ఇవన్నీ ఈ రకం ఈసీయూలో కరెంటు పోయినా సమాచారాన్ని నిలుపుకునే ఎనిమిది కాళ్ళ చిన్న ఈఈప్రామ్ చిప్‌లో ఉంటాయి. దాని సామర్థ్యం 2 కిలోబైట్లు మాత్రమే. ఒక కారు తన యజమానిని గుర్తుపట్టడానికి కావలసిన సమాచారమంతా ఈ టపాలోని ఒకటి రెండు పేరాలంత చోటులో ఇమిడిపోయిందన్నమాట.

పాత పెట్టె మూతను నల్లటి సిలికాన్ జిగురుతో అతికించారు. హాట్ ఎయిర్‌తో అంచులను వేడి చేస్తూ, సన్నని బ్లేడును మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరుపుతూ తెరవడానికే చాలాసేపు పట్టింది. లోపల కప్లర్ వైపు పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము పేరుకుని ఉంది, కరెంటు సరఫరా చేసే భాగంలో రాగి గీతలు రెండు పూర్తిగా తినేసినట్టు మాయమయ్యాయి. చిప్ ఉన్న మూల మాత్రం, బోర్డు మీద పూసిన లక్క వంటి పొర పుణ్యమా అని, పొడిగానే ఉంది. ఆ పొరను చిప్ కాళ్ళ మీద మాత్రం గీకి, ఎనిమిది కాళ్ళకూ ఒకేసారి అంటుకునే క్లిప్ పెట్టి చదివాను. ఫైలు వచ్చింది. అలవాటు ప్రకారం రెండోసారి చదివి పోల్చాను, రెండూ ఒకటి కాదు. మూడోసారి చదివితే మూడో రకం.

ఇటువంటప్పుడు తొందరపడి ఆ మూడింటిలో ఒకదాన్ని నమ్మిన వాళ్ళను నేనెరుగుదును, ఆ వాళ్ళలో ఒకప్పటి నేనూ ఉన్నాను. చిప్‌ను బోర్డు మీద ఉండగానే చదివితే, రీడర్ ఇచ్చే కరెంటు చిప్‌తో ఆగకుండా బోర్డంతా పాకుతుంది; దానితో సగం మేలుకున్న ప్రాసెసర్ అవే తీగల మీద తానూ చిప్‌తో మాట్లాడడం మొదలుపెడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినేవాడికి ఏది అర్థమవుతుంది? కాబట్టి చిప్‌ను టంకం కరిగించి పైకి లేపి, విడిగా సాకెట్‌లో పెట్టి మళ్ళీ మూడుసార్లు చదివాను. మూడూ అక్షరం పొల్లు పోకుండా ఒకటిగా వచ్చాయి. ఫైలును బైటు బైటుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే, అర్థం కాని అంకెల నడుమ 17 అక్షరాల కారు గుర్తింపు సంఖ్య స్పష్టంగా కనిపించింది. కారు బాడీ మీద కొట్టిన సంఖ్యతో పోల్చాను, కలిసింది. ముఖ్యమైన భాగాలు ఒకటికి రెండుచోట్ల రాసి, ఒక్కోదాని చివర సరిచూసుకునే మొత్తం కూడా ఉంది. ఒకచోట చెడిపోతే రెండోది ఆదుకుంటుంది. దీన్ని రూపొందించిన వాళ్ళు తెలివైన వాళ్ళు, జాగ్రత్తపరులు. ఆ జాగ్రత్తలో కొంచెమైనా రిపేరు చేసేవాడి కోసం మిగిల్చి ఉంటే బాగుండేది.

సెకండ్ హ్యాండ్ పెట్టె చిప్‌లోని సమాచారాన్ని ముందు భద్రపరిచి, ఆ తరువాత దానిలో పాత చిప్ ఫైలును రాసి, తిరిగి టంకం పెట్టి, మూత వేయకుండానే కారుకు తగిలించాను. ఇగ్నిషన్ వేస్తే తాళం చెవి దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. సెల్ఫ్ తిప్పాను. ఒక సెకను, రెండు, పది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. పక్కన నిలబడ్డ యజమాని "అయిపోయినట్టేనా అండీ?" అన్నారు. అయిపోలేదు.

ఇంజిన్ బాగానే ఉంది గానీ, స్కానర్‌లో గేర్‌బాక్స్ కంప్యూటర్ జాడ లేదన్న లోపం నమోదవుతోంది. ఈ కారుకు గేర్‌బాక్స్ కంప్యూటరే లేదు, ఇది చేత్తో గేర్లు మార్చే బండి. పెట్టె వచ్చిన కారు ఆటోమేటిక్ అయి ఉండాలి. లేబుల్ మీద ఉండే రెండు నంబర్లలో హార్డ్‌వేర్ నంబరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదని, సాఫ్ట్‌వేర్ నంబరు కూడా కలవాలని పెట్టె కొనే ముందు చూసుకుని ఉంటే ఈ పని తప్పేది. పాత పెట్టె ప్రాణంతో లేదు కాబట్టి దాని సాఫ్ట్‌వేర్‌ను చదవడం కుదరలేదు. తయారీదారు సర్వర్ నుంచి ఈ కారుకు సరైన ఫైలు తీసుకుని, పోర్టు ద్వారా ఎక్కించాలి. ఎస్ఏఈ జే2534 అనే ప్రమాణం పుణ్యమా అని బయటి వర్క్‌షాపులు కూడా తయారీదారు సాఫ్ట్‌వేర్‌ను తమ పరికరంతో నడుపుకోగలుగుతున్నాయి. 2004 మోడల్ సంవత్సరం నుంచి అమెరికా పర్యావరణ సంస్థ దాన్ని తప్పనిసరి చేసి ఉండకపోతే ఆ తలుపు తెరుచుకునేదని నేననుకోను.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం వినడానికి సులువుగా ఉంటుంది, చేసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాలి. ఫ్లాష్ మెమరీలో పాతదాన్ని చెరిపితే గానీ కొత్తది రాయడం కుదరదు. చెరిపిన తరువాత, రాయడం పూర్తయ్యే ముందు కరెంటు తగ్గిందంటే పెట్టెలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి పూర్తి వేగంతో తిరగవచ్చు, ఆ ఒక్క దెబ్బకు బలహీనమైన బ్యాటరీ కుంగిపోతుంది. మామూలు ఛార్జర్ ఈ పనికి చాలదు, దాని నుంచి వచ్చే కరెంటు అలలు అలలుగా ఉంటుంది. వోల్టేజిని 13 పైన కదలకుండా నిలిపే సప్లై యూనిట్ విడిగా కావాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆపి, డోర్లు మూసి, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా ఏర్పాటు చేసి మొదలుపెట్టాను.

61 శాతం దగ్గర పచ్చ గీత ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. సంగతేమిటో చూద్దామని యజమాని డోరు హ్యాండిల్ మీద చేయి వేస్తే, నేను అద్దంలోంచి వద్దని గట్టిగా సైగ చేశాను. ఒక్క డోరు తెరిస్తే కారులో నిద్రపోతున్న కంప్యూటర్లు నాలుగైదు లేచి కరెంటు లాగుతాయి. ల్యాప్‌టాప్ తెర మీద ఏ మాటా లేదు. నేను మళ్ళీ లాగర్ వైపే చూశాను. అక్కడ "78" అనే కారణంతో జవాబులు వరసగా వస్తూనే ఉన్నాయి. ఆ సంఖ్యకు అర్థం, "మీ అభ్యర్థన అందింది, పని నడుస్తోంది, ఆగండి". పెట్టె మళ్ళీ తన మాట తాను చెబుతోంది, వినిపించవలసినది మళ్ళీ మింగేస్తోంది. ఆ సంఖ్య చూడని మనిషి ఈపాటికి కేబుల్ పీకి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామనుకునేవాడు, అక్కడితో పెట్టె పని ముగిసేది. నాలుగో నిమిషంలో గీత 62కు కదిలింది.

ఇంత శ్రమ పడినా ఈ కారు పాత తరానిది కాబట్టే పని జరిగిందని ఒప్పుకోవాలి. ఇప్పుడు వచ్చే కార్లలో పోర్టుకూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య కాపలాదారు వంటి సెక్యూరిటీ గేట్‌వే ఉంటోంది. లోపాలు చెరపడానికి కూడా తయారీదారు సర్వర్ అనుమతి కావాలనే మోడళ్ళు ఉన్నాయి. రహస్యాలు విడి చిప్‌లో కాకుండా ప్రాసెసర్ లోపలే, చదవడానికి వీల్లేని చోట ఉంటున్నాయి. బాగా పనిచేసే సెకండ్ హ్యాండ్ పెట్టె చేతిలో ఉన్నా అది ఇనుముతో సమానం.

దొంగలను ఆపడానికే ఇదంతా అంటారు. కానీ రహస్యంగా ఉంచిన లెక్కల చరిత్ర వేరే కథ చెబుతుంది. తాళం చెవుల్లో వాడిన, 40 బిట్ల రహస్యంతో పనిచేసే డీఎస్‌టీ చిప్‌ను జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్ఎస్ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు 2005లోనే ఛేదించారు. అటువంటిదే మరో చిప్, 48 బిట్ల హిట్యాగ్2 బలహీనతలు 2012లో బయటపడ్డాయి. మూడో రకం చిప్ అయిన మెగామోస్ క్రిప్టో మీద పరిశోధనను ప్రచురించకుండా బ్రిటన్ హైకోర్టు 2013లో ఆపింది, చివరికి 2015లో అది వెలుగు చూసింది. ఇక నేటి దొంగ ఈ లెక్కల జోలికే పోవడం లేదు. ఇంట్లో ఉన్న తాళం చెవి సంకేతాన్ని రెండు పరికరాలతో కారు దాకా సాగదీస్తున్నాడు, లేదా హెడ్‌లైట్ వెనుక తీగల గుండా నెట్‌వర్క్‌లోకి చొరబడుతున్నాడు. పత్రాలన్నీ చేతపట్టుకుని ఎదురుగా నిలబడ్డ యజమానికి మాత్రం "ఫంక్షన్ విఫలమైంది" అన్న జవాబే మిగిలింది.

మా కారులో మరో సంకటం తప్పింది. ఇంజెక్టర్ల సవరణ కోడ్‌లు పాత చిప్ నుంచే వచ్చేశాయి కాబట్టి వాటిని చేత్తో ఎక్కించే పని పడలేదు. సరికొత్త పెట్టె అయి ఉంటే, ఇంజిన్ పై మూత విప్పి, మసి పట్టిన ఇంజెక్టర్ తలల మీద చీమంత అక్షరాలను టార్చి వేసి చదువుతూ, అది 8 అంకెనా లేక ఇంగ్లీషు బీ అక్షరమా అని తేల్చుకోవలసి వచ్చేది.

సాఫ్ట్‌వేర్ ఎక్కాక లోపాలు చెరిపి, రెండు తాళం చెవులతోనూ మార్చి మార్చి స్టార్ట్ చేసి చూశాను. చెవుల వివరాలు మీటర్ బోర్డులోనే ఉన్నందువల్ల రెండూ పనిచేశాయి. పెట్టె మూతకు కొత్త సిలికాన్ పెట్టి ఆరబెట్టాను. పాత చిప్‌ను చిన్న కవరులో వేసి, ఫైలు కాపీ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కలిపి కారు పత్రాల ఫోల్డరులో పెట్టి ఇచ్చాను. పాత పెట్టెను ఇక పారేయవచ్చా అని యజమాని అడిగితే వద్దన్నాను. దాని లేబుల్ మీది సాఫ్ట్‌వేర్ నంబరు మరోసారి ఎవరికైనా అవసరం పడవచ్చు.

బానెట్ మూయబోతూ అద్దం కింది కాలువను చూశాను. ఎండుటాకులు అలాగే ఉన్నాయి, పెట్టె మార్చిన ఆయన వాటిని ముట్టుకోలేదు. వేళ్ళతో తీయగలిగినంత తీసి, అడుగున ఉన్న రబ్బరు గొట్టంలో సన్నని తీగ ఆడించి, ఒక చెంబుడు నీళ్ళు మెల్లగా పోశాను. కాసేపటికి ముందు చక్రం వెనుక నేల తడిసింది.